గబ్బిలం పెద్దమ్మ, కందిరీగ అమ్మ

సాయ్‌యోక్ కొండగుహలో ఉండే బుల్లి గబ్బిలం, చూరుకింద మట్టిగూడు కట్టే ఒంటరి కందిరీగ, రెండూ బొటనవేలి కణుపంతే ఉంటాయి. గుహ చూపించే సమ్నియాంగ్, వచ్చినవాళ్ళకు ఆ మాటొక్కటే చెప్పి ఊరుకోదు. "గబ్బిలం బిడ్డను పొట్టకు అంటించుకుని పెంచుతుంది. కందిరీగ గుడ్డు పెట్టి, తలుపు మూసి, మళ్ళీ మొహం చూపించదు" అంటుంది. ఆ రెండో మాట చెల్లెలు లమ్యాయ్‌ని అన్నదే.

మొగుడు పోయాక లమ్యాయ్ రెండు నెలల కొడుకు క్లాను అక్క ఒళ్ళో పెట్టి, దూరాన మహాచై రేవులో చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. ఏడాదికోసారి వచ్చి నాలుగు రోజులుండేది. ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈ వానాకాలం క్లా బౌద్ధ భిక్షువు కాబోతున్నాడు. గుండు చేసేముందు మొదటి కత్తెర తల్లి వెయ్యాలి. కాషాయం కట్టాక కన్నతల్లయినా అతన్ని తాకకూడదు.

"మీ అమ్మని వచ్చి విందు తిని పొమ్మను. కత్తెర మాత్రం నాదే" అంది సమ్నియాంగ్.

"నీ నోటికి తాళం లేదు పెద్దమ్మా" అని నవ్వుతూ క్లా చూరు దులుపుతున్నాడు. మూతపడ్డ మట్టిగూడు ఒకటి రాలి పగిలింది. "ఇదేంటి, ఖాళీ లేకుండా సాలీళ్ళు?"

"పిల్లకి తిండిరా. అది కళ్ళు తెరిచేసరికి పక్కనే ఉండాలని తల్లి..." సమ్నియాంగ్ మాట ఆగిపోయింది.

"ఈ ముక్క ఎవరికీ చెప్పలేదేం?"

ఆమె చీపురు అందుకుంది గానీ ఊడవలేదు. తనకు పాలెక్కడివి? పసివాడు తాగింది లమ్యాయ్ నెలనెలా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిన డబ్బాపాలు. ఒక్క నెల తప్పలేదు. బిడ్డనిచ్చి, బిడ్డకు తిండీ పంపి, తనను తల్లిని చేసిన మనిషిని ఇన్నాళ్ళూ ఆడిపోసుకుంది. ఆమె కళ్ళు నిండాయి.

మర్నాడు గుండు చేసే వేళకు ఆలయంలో లమ్యాయ్ వెనక వరసలో చుట్టంలా కూర్చుంది. సమ్నియాంగ్ వెళ్ళి రెక్క పట్టుకుని లేపింది.

"నాకెందుకక్కా? పెంచింది నువ్వు."

"పెంచగలిగానంటే నీ చలవే. బెట్టు చాలు, లేవవే!"

కత్తెర చేతిలో పెట్టింది. లమ్యాయ్ కత్తిరించలేదు. కొడుకు తల నిమురుతూ నిలబడిపోయింది.

"కానివ్వమ్మా, ఆలస్యమవుతోంది" అన్నాడు పెద్ద భిక్షువు.

"కాస్త ఆగండి స్వామీ" అంది సమ్నియాంగ్. "నేను ఇరవై ఏళ్ళు నిమిరాను. దానికి ఈ పూటే ఉంది."