కరుణాకుమారి కంచె

పొద్దున్నే కరుణాకుమారి కర్ర పట్టుకుని దొడ్లోకి పోతుంది. దారి మీదికి వంగిన ముళ్లకంపను అవతలికి నెట్టి, గోంగూర మడికీ దోస పాదులకూ నీళ్లు పెడుతుంది. కొత్తగా మొలిచిన ముళ్లను ఓసారి చూసుకుంటుంది. ఇది నిన్న పప్పులో ఉప్పు లేదన్నప్పటిది, ఇది చర్చి నుంచి ఆలస్యంగా వచ్చావని మొగుడు గొణిగినప్పటిది. ఏది ఎప్పటిదో ఆమెకు ఆనవాలు తెలుసు. ఆ తర్వాత లోపలికి వచ్చి టీ పెడుతుంది.

అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఆ ఊళ్లో ఏ ఇంటి కంచైనా అంతే. ఎవరూ నాటరు. ఇల్లాలు పైకి అనకుండా మింగిన ప్రతి మాటకూ తెల్లారేసరికి ఒక ముల్లు మొలుస్తుంది. కొడవలితో నరికితే మర్నాటికి మళ్లీ అక్కడే ఉంటుంది. ఆ మాట ఎవరితో అనాలో వాళ్లతో అంటేనే ముల్లు ఎండి రాలుతుంది. ఊళ్లో మగవాళ్లకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. ఖర్చు లేని కాపలా, పైగా పరువు. పిల్లను చూసుకోవడానికి వచ్చేవాళ్లు ముందు ఆ పిల్ల తల్లి కంచె చూసి, ఆ తర్వాతే మంచినీళ్లు పుచ్చుకుంటారు.

పక్కింటి ఎలిశబెతుకు జానెడు కంచె కూడా లేదు. మేకలు వచ్చి ఆమె తోటకూర మేసిపోతుంటాయి. ఆమె మేకలనూ తిడుతుంది, వాటిని వదిలినవాళ్లనూ తిడుతుంది. పాపం, కంచె లేని కొంప అని ఊరంతా ఆమె మీద జాలిపడుతుంది. ఆ జాలి ఆమెకు చేరినట్టు లేదు, రోజూ హాయిగా నిద్రపోతుంది.

కరుణాకుమారి కంచె లాంటిది మాత్రం మండలంలో లేదనేవారు. ముప్పై ఏళ్లది. ఇంటి చూరంత ఎత్తు, పాము కూడా దూరలేనంత చిక్కదనం. ఆమె మొగుడు లాజరస్ బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దొడ్డివైపు తీసుకుపోయి కంచె చూపించేవాడు. ఇంట్లో ఆయన ఎక్కువగా వాడిన మాట ‘గమ్మునుండు’. కోపంతో అనేవాడు కూడా కాదు. బస్సులో టికెట్, టికెట్ అన్నట్టు అలవాటుగా అనేవాడు.

ఆ ఏడు రొయ్యల గుంటలు పెట్టే పెంచలకృష్ణ ఆ దొడ్డిని ఐదేళ్లకు లీజుకు అడిగాడు. లాజరస్ సరేనన్నాడు. జేసీబీకి కబురు పెట్టి, ఆ తర్వాత అన్నం తింటూ సంగతి పెళ్లానికి చెప్పాడు. దొడ్డి ఆమెకు తల్లి రాసిచ్చినది, కాగితం మీద ఆమె సంతకం కావాలి. ఆమెతో సంతకం పెట్టించుకోవడం ఆయనకు చారు పోయించుకున్నంత తేలికగా తోచింది. గుంట తవ్వితే ఉప్పునీళ్లు ఊరి ఆ నేలలో గడ్డిపరక కూడా మొలవదని ఆమెకు తెలుసు. చుట్టూ చేలు అలాగే పోయాయి. అయినా ఏమీ అనలేదు. మర్నాడు గేటు పక్క పొదలో బొటనవేలంత ముల్లు మొలిచింది.

ఆడవాళ్లు మింగిన మాటలు యంత్రాన్నేం చేస్తాయని లాజరస్ అనుకున్నాడు. జేసీబీ కంచెను తాకగానే ముందు టైరు పోయింది. డ్రైవర్ ఏసుమణి కిందికి దిగి, కంచెనంతా ఓసారి చూసి తువ్వాలు దులుపుకున్నాడు.

“ఇది ఇనుముకు తెగేది కాదన్నా. అక్క చేత మాట్లాడించు. ఎల్లుండొస్తా.”

ముప్పై ఏళ్లు నోరు మూయించిన మనిషి, పెళ్లాం నోరు తెరవాలని బతిమాలుకోవలసి వచ్చింది. వంటింట్లోకి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మనసులో పెట్టుకున్నవన్నీ చెప్పుమే. తిట్టినా సరే, వింటా.”

కరుణాకుమారి చేపలు తోముతూ ఆలోచించింది. గమ్మునుంటే కంచె ఉంటుంది, కంచె ఉంటే దొడ్డి ఉంటుంది. మాట్లాడితే మిషనుకు తోవ తనే ఇచ్చినట్టు. కానీ అడిగి మరీ వింటానంటున్నాడు. ఇలాంటి రోజు మళ్లీ రాదు. తోమిన చేపలు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

“పెళ్లైన మూడోరోజు మీ అమ్మ ముందర, నా పులుసు కుక్క గూడా తాగదన్నావు. నువ్వు రెండుసార్లు పోయించుకున్నావు.”

దొడ్లో ఏదో రాలిన చప్పుడైంది. లాజరస్ తల వంచుకుని, నిజమే, పోయించుకున్నానని ఒప్పుకున్నాడు.

ఇక ఆమె ఆగలేదు. తన కుట్టుమిషను చెప్పకుండా తీసుకుపోయి ఆయన చెల్లెలికిచ్చిన సంగతి. చర్చిలో వాక్యం చదవమని అడిగితే, దీనికి గొంతెక్కడిది అని నలుగురిలో నవ్విన సంగతి. నొప్పులొస్తున్నాయని కబురు పంపితే నెల్లూరు ట్రిప్పు ముగించుకుని తీరుబడిగా వచ్చిన సంగతి. ఆమె బట్టలుతికే చోటికీ, పాదుల దగ్గరికీ ఆయన స్టూలు మోసుకుంటూ తిరిగాడు. ఎలిశబెతు కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చింది.

“కొంచెం గట్టిగా చెప్పు వదినా, నాకు సగమే వినపడతా ఉంది.”

రెండోరోజు మధ్యాహ్నం లాజరస్ లేవబోయాడు. ముళ్లు రాలడం ఇంకా గేటు దాకా రాలేదు, కూర్చోమంది కరుణాకుమారి. కూర్చున్నాడు. సాయంత్రానికి కంచెంతా ఎండుకంపై నేల మీద పడింది. వంటింట్లోకి మొదటిసారి సముద్రపు గాలి వచ్చింది. మిషను లోపలికి రావలసిన గేటు పక్క పొద ఒక్కటే మిగిలింది.

మూడోరోజు పొద్దున ఏసుమణి మిషనుతో వచ్చాడు. ఆ ఒక్కటీ చెప్పెయ్యమే, తోవ అయిపోతుంది అన్నాడు లాజరస్, అలిసిపోయిన గొంతుతో.

“ఈ దొడ్డి మా అమ్మ నాకిచ్చింది. నేనియ్యను. సంతకం పెట్టను.”

ముల్లు రాలింది. పొద మెల్లగా పక్కకి ఒరిగింది. బస్సు పట్టేంత తోవ తెరుచుకుంది. ఇప్పుడు ఎవరినీ ఆపడానికి అక్కడ చిన్న పుల్ల కూడా లేదు. కరుణాకుమారి ఉత్త చేతులతో పాదుల ముందు నిలబడింది.

“తోవొచ్చింది గదన్నా, మిషను దించమంటావా?” అన్నాడు ఏసుమణి, ఇంజను ఆపకుండానే.

లాజరస్ దొడ్డిలోకి చూశాడు. కంచె గురించి అందరికీ చెప్పుకున్నాడు గానీ, దాని లోపల ఏం కాస్తున్నదో ఎన్నడూ చూడలేదు. తీగల కింద దోసకాయలు పసుపుపచ్చగా పండి ఉన్నాయి. రెండు రోజులుగా విని విని, వినడం ఆయనకు కొంచెం పట్టుబడినట్టుంది.

“నన్నడుగుతావేంది? దొడ్డి ఆమెది. ఆమెనడుగు.”

ఏసుమణి ఆమె వైపు తిరిగాడు.

“ఇంత దూరం వచ్చినావు, ఊరికే పోబాకబ్బయ్యా. ఈ కంపంతా ఎత్తి రోడ్డవతల పడెయ్యి. టీ పెడతా” అంది కరుణాకుమారి. ఆ తర్వాత మొగుడితో, పాలు లేవు, పోయి తెమ్మంది.

లాజరస్ గిన్నె తీసుకుని పాలకు పోయాడు.