శుభలేఖల పుంజు

నేను ఒక కోడిపుంజును. కూయను, గింజలు ఏరుకోను. పాత శుభలేఖల ముక్కలు అట్టమీద అతికించి చేసిన బొమ్మను. రాజమండ్రి హైమావతి చేసిన మొట్టమొదటి బొమ్మను నేనే. పెన్సిలుతో గళ్లు గీసుకుని, స్కేలు పెట్టి ఒక్కో ముక్కా చదరంగా కత్తిరించి, ఉడికించిన మైదా జిగురుతో అద్దింది. నా ఒంట్లో ఒక్క ముక్క వంకరగా ఉంటే ఒట్టు! హాల్లో నడిమి గోడ నాదే.

ఆ తర్వాత వచ్చింది పడవ బొమ్మ, మహాతల్లి. దానికి గళ్లూ లేవు, కత్తెరా లేదు. అన్నీ చేత్తో చింపిన ముక్కలే, అంచులన్నీ నూగే. దాని వెనకే పావురాలు దిగాయి. వాటి ముక్కల మధ్య ఉత్త అట్ట కనిపిస్తుంది. బద్ధకం కాకపోతే ఏమిటది? వచ్చినవాళ్లేమో, "అబ్బ, గాలి ఆడుతున్నట్టుందండీ!" అని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఊపిరాడలేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా?

ఒకరోజు ఎవరో చుట్టం నా వంక చూస్తే హైమావతి సిగ్గుపడిపోయింది.

"అదాండీ? నేర్చుకునేటప్పుడు చేసిందిలెండి."

మర్నాడే ఆమె భర్త ప్రభాకరం నన్ను వంటింటి తలుపు వెనక్కి మార్చాడు. కుళ్లుకుని కుళ్లుకుని, ఒక్క జుట్టు తప్ప నా రంగంతా వెలిసింది.

చివరికి ఆవిడ తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. తుడుస్తుందని మురిసిపోయాను. నా తలమీది ఎర్రజుట్టును నానబెట్టి గోటితో పీకడం మొదలెట్టింది!

"ఇంత ఎరుపు ఇప్పటి కార్డుల్లో ఎక్కడ దొరుకుద్దండీ? ఇప్పుడు చేస్తున్న బొమ్మలో మామిడికాయలమ్మే ముసలమ్మ రవిక్కి ఇదే కావాలి" అంది భర్తతో.

పైపొర ఊడింది. అడుగున గులాబీరంగు నూగు, దానికింద ఏనాటివో పెన్సిలు గీతలు మిగిలాయి. హైమావతి గోరు ఆగిపోయింది.

"ఏవండీ, ఓసారి ఇలా రండి. ఇన్నేళ్లకి దీనికి కోపమొచ్చినట్టు లేదూ?"

ఇన్నేళ్లూ ఉన్నదే తల్లీ, నువ్విప్పుడు చూశావు!

ఆ సాయంత్రమే పడవను గోడమీంచి దించి, తడిగుడ్డ అందుకుంది. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. ఇప్పుడు ఏ బొమ్మైనా ముందు అతికిస్తుంది, తర్వాత పీకుతుంది, అలాగైతేనే దానికి ప్రాణమొస్తుందట. పీకేముందు, బల్ల పక్కన ఆనించి పెట్టిన నా బోడితల వంక ఒకసారి చూసుకుంటుంది.

హాలు గోడ మాత్రం ముసలమ్మకే దక్కింది. "ఆ రవిక ఎరుపు ఎక్కడ పట్టారండీ!" అని జనం అక్కడే నిలబడిపోతుంటే ఇప్పటికీ నా కడుపు భగ్గుమంటుంది.

అది నా జుట్టర్రా!