కోడి ఎముక పందెం

"కత్తెర," అన్నాడు ఫతుల్లా, తివాచీ మీంచి కళ్లెత్తకుండానే కుడిచెయ్యి చాచి.

నేమత్ కత్తెర అందించి, ఊపిరి బిగబట్టి బావ నోటి వంకే చూశాడు.

"యాదికుంది," అన్నాడు ఫతుల్లా తాపీగా, దారం తెంపుతూ.

నేమత్ ఉసూరుమన్నాడు. పొద్దుటి నుంచి అది పదకొండోసారి.

కాషాన్ బజారులో పాత తివాచీలకు రఫూ చేసే కొట్టు వాళ్లది. ఒకే తివాచీకి చెరోపక్క కూర్చుని, పురుగు తిన్నచోట పడుగూ పేకా మళ్లీ అల్లి, పాత ముడుల మధ్య కొత్త ముడులు కలిసిపోయేలా వేస్తారు. పని బాగా కుదిరితే ఎక్కడ చేశారో ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఇద్దరి గొప్పతనమూ ఎవరికీ తెలియదు. ఫతుల్లాకు డెబ్బై దాటాయి. పొట్టి మనిషి, సూది గుచ్చి గుచ్చి కొసలు గట్టిపడ్డ వేళ్లు, ముక్కు మీద తాడు కట్టిన కళ్లద్దాలు. దేనికైనా కుడిచెయ్యి చాచినప్పుడల్లా ఎడమచెయ్యి కోటు జేబులోకి పోతుంది. అదో అలవాటు.

నేమత్ అక్క తూబాను ఫతుల్లా పెళ్లాడిన రోజు, విందులో బావా బామ్మర్దులు కోడి రొమ్ములోని చీలికల ఎముకను చెరో కొసా పట్టుకుని విరిచారు. ఆ క్షణం నుంచి ఒకరి చేతిలోంచి ఇంకొకరు ఏది అందుకున్నా "యాదికుంది" అనాలి. మరిచినవాడు ఓడినట్టు. గెలిచినవాడు కోరిన ఒక్క పని ఓడినవాడు మారుమాట్లాడకుండా చెయ్యాలి. ఈ పందెం ఊళ్లో అందరూ కాసేదే. కొత్త దంపతుల మధ్యనైతే సాయంత్రానికే తేలిపోతుంది. డబ్బు పెడితే జూదమని కళ్లెర్రజేసే మసీదు పెద్దాయన కూడా ఎముక పందెమంటే నవ్వి ఊరుకుంటాడు. వీళ్లది మాత్రం ముప్పై ఎనిమిదేళ్లయినా తేలలేదు. అసలు ఫతుల్లాకు పందెమనే మాట లేనిదే పూట గడవదు. పుచ్చకాయ కొయ్యకముందే ఎర్రగా ఉంటుందని పందెం. ఎదురుకొట్టువాడు ఆవలిస్తే, ఇంకో రెండుసార్లు ఆవలిస్తాడని పందెం.

గెలిస్తే ఏం అడగాలో నేమత్ ఎన్నోసార్లు మార్చుకున్నాడు. మొదట్లో దానిమ్మ తొక్కతో పసుపురంగు తీసే కిటుకు అడుగుదామనుకున్నాడు. బావ అడక్కుండానే నేర్పేశాడు. తర్వాత బావ పెంచే గువ్వల జంట మీద మనసుపడ్డాడు. నేమత్‌కు కొడుకు పుట్టిన రోజున అవీ ఇంటికొచ్చాయి. ఆపైన అడగడానికేమీ మిగల్లేదు, ఆట మాత్రం మిగిలింది.

ఈ వసంతంలో మళ్లీ కోరిక పుట్టింది. బావ గుండెకు ఆపరేషన్ చెయ్యాలి, టెహ్రాన్ తీసుకెళ్లమన్నాడు డాక్టరు. ఫతుల్లా ససేమిరా అన్నాడు. తూబా ఏడ్చింది, పిల్లలు బతిమాలారు. మొండిఘటం కదల్లేదు. చివరికి తూబా తమ్ముణ్ణి పట్టుకుంది.

"మా మాట వినడు గని, పందెం మాట తప్పడు. గెలువు తమ్మీ. నీకు దండం పెడత."

అప్పటి నుంచీ నేమత్ తాడో పేడో తేల్చుకుందామని పట్టుబట్టాడు. ఎత్తు మాత్రం ఒక్కటీ పారలేదు. ఆ రోజు కూడా ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు.

"బావా! తేలు! నీ మోకాలు కాడ! ఇగో, చెప్పు వట్టు!"

ఫతుల్లా ఎగిరి గంతేసి చెప్పందుకున్నాడు. "యాదికుంది!" అని అరిచాకే కిందికి చూశాడు. తేలూ లేదు, గీలూ లేదు.

"సిగ్గులేదారా బామ్మర్దీ? గుండె జబ్బోన్ని గిట్ల బెదిరిస్తరా?"

"గుండె జబ్బని ఒప్పుకున్నవ్ గదా. నడువు మరి టెహ్రాన్."

"ఈ పిట్ట అయిపోనీ, సూద్దాం."

పిట్టంటే తివాచీ మూలనున్న నీలిపిట్ట. తల సగం పురుగు తినేసింది. నెల రోజులుగా ఫతుల్లా దాన్ని ఈక ఈకగా మళ్లీ బతికిస్తున్నాడు.

మధ్యాహ్నం మాంసం పులుసులో రొట్టె తుంచుకుని తిన్నారు. పంటికింద చక్కెరగడ్డ పెట్టుకుని టీ తాగారు. గ్లాసందుకున్నప్పుడూ ఫతుల్లా పప్పులో కాలెయ్యలేదు. ఎండ బాగా ముదిరింది. బజారంతా కునుకు తీస్తోంది. పిట్టకు ఇక కన్నొక్కటే వెయ్యాలి.

"నల్లదారం," అన్నాడు ఫతుల్లా, ఉన్నిమూటకు ఆనుకుని చెయ్యి చాచి.

నేమత్ సూదిలో నల్లదారం ఎక్కించి ఆ అరచేతిలో పెట్టాడు. వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి.

మాట రాలేదు.

నేమత్ రెండు ఊపిరుల సేపు ఆగాడు. అయినా రాలేదు. లేచి గుమ్మంలోకి పరిగెత్తి బజారంతా వినబడేలా అరిచాడు.

"గెలిచిన! మా బావ ఓడిండు! రేపే టెహ్రాన్!"

కునుకులోంచి లేచి ఇరుగుపొరుగు నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నవ్వుతూనే వెనక్కి తిరిగాడు నేమత్. ఫతుల్లా అలాగే ఆనుకుని ఉన్నాడు. కళ్లద్దాలు గడ్డం మీదికి జారాయి.

"బావా," అన్నాడు నేమత్. మళ్లీ అన్నాడు. మూడోసారి అనలేకపోయాడు. ఆ ఒక్క మాట వినబడితే చాలు, ఇంకో ముప్పై ఎనిమిదేళ్లు ఓడిపోయేవాడు. నలుగురూ వచ్చి ఎత్తినప్పుడు కుడిచేతిలోంచి సూది తేలిగ్గానే వచ్చింది. జేబులోని ఎడమచేతిని మాత్రం నెమ్మదిగా బయటికి తియ్యాల్సి వచ్చింది.

ఏడోరోజు గడిచాక తూబా కొట్టుకొచ్చింది. నేమత్ ఏడుస్తూ అన్నాడు.

"ఆఖరికి మర్చిపోయిండక్కా. గెలిచినా గాని ఏం లాభం?"

"యాడ మర్చిపోయిండు?" తూబా కొంగు ముడి విప్పింది. "నువ్వేమన్న ఇస్తుంటే, ముందుగాల దీన్ని తడుముకుంటనని నాతోని చెప్తుండె. మొన్న గూడ చెయ్యి జేబులనే ఉండె గదా. అనేటందుకే ఉండెరా. ఊపిరే అందలే. నువ్వు గెలవలే తమ్మీ."

చాచిన ఆమె చేతిలోంచి దాన్ని అందుకున్నాడు నేమత్.

"యాదికుంది," అంది అతని నోరు, అతను అనుకోకుండానే.

దాన్ని తీసుకెళ్లి సూదుల డబ్బాలో పెట్టాడు. చిటికెనవేలంత ఎముక ముక్క, పచ్చబడి, తడిమి తడిమి ఒకవైపు నున్నగా అరిగి ఉంది.