దూది దగ్గు

రోగం పెళ్ళానిది, మందు మొగుడిది. మా పక్కింట్లో జరిగింది ఇంతే. ఇంత చిన్న సంగతి కనిపెట్టడం ఎవరి వల్లా కాలేదు. తెలిసిన ఒక్క మనిషీ నోరు విప్పలేదు.

రోజూ పొద్దున్నే మాత్రలక్క వచ్చేది. ఆవిడకీ ఒకప్పుడు క్షయ వచ్చి తగ్గింది. అందుకే ఆసుపత్రివాళ్ళు మా సందులకి ఆవిణ్ణి పెట్టారు. రోగి మందు మింగేదాకా ఎదురుగా కూర్చోవడం ఆవిడ పని. బోర్లించిన బకెట్ మీద కూర్చుని, "నోరు తెరు తమ్ముడూ, నాలుకెత్తు" అనేది. పక్కింటి మాస్టర్ చిన్నపిల్లాడిలా నాలుకెత్తి చూపించేవాడు. పక్కన నీళ్ళగ్లాసు పట్టుకుని ఆయన పెళ్ళాం, మా వదిన, నిలబడేది. ఆ మాత్రలు దిగాల్సిన గొంతు ఆమెది.

వదిన అంటే నాకు చుట్టమేమీ కాదు. వాళ్ళకీ మాకూ ఒకటే గోడ, ఇద్దరం పనిచేసేది ఒకటే దిండ్ల షాపులో, అలా వరస కలుపుకున్నాం. ఇదంతా చివర్లో ఆమే నాకు చెప్పింది. ముందే చెప్పి ఉంటే జుట్టు పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళేదాన్ని. నా నోటికి భయపడే చెప్పలేదట.

వాళ్ళాయన క్యాంటీన్‌లో వేపుళ్ల మాస్టర్. పొద్దస్తమానం మూకుడు ముందు నిలబడి నూనె పొగ పీల్చే మనిషికి దగ్గు రాకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు ప్లేటు అందిస్తూ దగ్గాడు. తినడానికొచ్చినవాడు ప్లేటు వెనక్కి తోసేసి ఓనర్ దగ్గరికి వెళ్ళాడు. ఓనర్ పెద్దగా తిట్టలేదు. "పరీక్ష చేయించుకుని కాగితం పట్టుకురా మాస్టర్. అందాకా వెనకాల గిన్నెల దగ్గరుండు" అన్నాడు. వంటవాణ్ణి గిన్నెల దగ్గరికి పంపడమంటే తల తీసి మొలేసినట్టే. ఆ వారమంతా ఇంట్లో మాస్టర్ అన్నం సరిగ్గా తినలేదు.

మాత్రలక్క ఒక డబ్బా ఇచ్చి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పొద్దున లేవగానే, గుండెల్లోంచి దగ్గి, కళ్ళె తీసి ఇందులో ఉమ్మాలి. మాస్టర్ గోడ పట్టుకుని దగ్గాడు, దగ్గాడు, కళ్ళంట నీళ్ళొచ్చాయి గానీ కళ్ళె రాలేదు. "రేపు చూద్దాంలే" అని డబ్బా గూట్లో పెట్టి పనికెళ్ళిపోయాడు.

వదిన ఆ డబ్బా వంక చూస్తూ కూర్చుంది. ఈయనకి తప్పకుండా జబ్బే ఉంటుంది, కాగితంలో అదే వస్తుంది, ఉద్యోగం ఊడుతుంది. అదే నా కళ్ళె పెడితే? నేను గుండ్రాయిలా ఉన్నాను కదా, అనుకుంది.

మీకు వింతగా ఉండొచ్చు. అప్పటికి ఆమె మూణ్ణాలుగు నెలల నుంచీ దగ్గుతోంది. కానీ మా షాపులో దగ్గితే అది దగ్గు కాదు. పాత పరుపులు చింపి, దూది పీకి, మిషన్లో వేసి ఏకుతాం. గదంతా దూది దుమ్ము. మేమంతా దగ్గుతాం, దాన్ని దూది దగ్గంటాం. కొత్తగా చేరినది దగ్గకపోతే, "ఏమ్మా, పని చేస్తున్నావా, కూర్చుని కబుర్లు చెబుతున్నావా" అని ఏడిపిస్తాం. సాయంత్రం ఇంటికొచ్చి కాస్త బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే సరిపోతుందని మా వైద్యం. ఆయనది జబ్బు దగ్గు, నాది దూది దగ్గు అని ఆమె అనుకుందంటే, మా షాపులో ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనూ అనుకుంటాను.

దగ్గి, డబ్బాలో ఉమ్మి, మూత బిగించి, మాస్టర్ పేరు చెప్పి అక్కకిచ్చేసింది. ఆయన దగ్గుకి మందులషాపులో సీసా ఏదైనా కొందామనుకుంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మాస్టర్‌కి క్షయ ఉందని కాగితం వచ్చింది.

ఆ మాట వినగానే మాస్టర్ గోడకి చేరబడిపోయాడు. వదిన మాత్రం తేలు కుట్టిన దొంగలా అలాగే నిలబడిపోయింది. జబ్బు తనదని ఆ క్షణమే తెలిసిపోయింది ఆమెకి. అప్పుడు చెప్పొచ్చు కదా? చెబితే, మొగుడి ఉద్యోగం తన చేత్తో తనే తీసేసినట్టు తేలుతుంది. క్యాంటీన్‌వాళ్ళు అప్పటికే "తగ్గాక రా" అని పంపేశారు. ఇక మిగిలింది దిండ్ల షాపు ఒక్కటే. జనం మొహం ఆనించి పడుకునే దిండ్లు క్షయ ఉన్న మనిషి కుడుతోందంటే మా యజమాని సాయంత్రం దాకా కూడా ఉంచడు. పొయ్యి వెలిగేది ఆమె చేతి మీదే. మింగలేక కక్కలేక అంటే అదే.

మాస్టర్ బజార్లో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. లేని జబ్బుకి మందు మింగి, దాంతో వాంతులు చేసుకుని, ఆ నీరసంతో బస్తాలు మోసేవాడు. మూత్రం ఎర్రగా వస్తోందని ఒకరోజు వణికిపోయాడు. "అది మందు రంగు తమ్ముడూ, పనిచేస్తోందన్నమాట" అని అక్క నవ్వింది.

కొన్నాళ్ళకి అక్కకి వీళ్ళ మీద గురి కుదిరింది. తాగి తిరిగేవాళ్ళు, మందు పారేసేవాళ్ళు ఆవిడకి బోలెడుమంది. బుద్ధిగా మింగేవాడి ఎదురుగా రోజూ కూర్చోవడం దేనికని, వారానికి సరిపడా మాత్రలు వదిన చేతికే ఇచ్చి, వారం చివర్లో ఖాళీ అట్టలు చూసుకునేది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. ఒక మనిషికి ఎన్ని సందులని?

ఆ రోజు నుంచే వదిన పంపకం మొదలుపెట్టింది. "మీకు పడట్లేదు, సగమే వేసుకోండి, అక్క సంగతి నేను చూసుకుంటా" అంది మొగుడితో. మాస్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం ఆమె మోరీలో పారేస్తోందనుకున్నాడు. ఆమె పొయ్యి వెనక నిలబడి మింగేది. మొత్తం తీసుకోవచ్చుగా అంటే, "ఒకవేళ ఆయనకి కూడా ఉందేమోనని భయం" అంది నాతో. అన్నం, కూర, సబ్బుబిళ్ళ, దుప్పటి, ఏదైనా చెరిసగం చేసుకుని బతికే ఇల్లది. మందు కూడా అలాగే పంచింది.

మింగుతుండగా అత్తగారు ఒకసారి చూసింది. ముసలావిడకి చెవులు మందం, కళ్ళు మాత్రం డేగవి. మర్నాడు నన్ను గోడ దగ్గరికి పిలిచి, "కోడలు పిల్లల కోసం మందు వాడుతోందే. నోరు జారకు, దానికి సిగ్గు" అని గుసగుసగా చెప్పింది. ఆవిడ గుసగుస సందు చివరికి వినిపిస్తుంది. మేమంతా వదినని ఆటపట్టించాం. మొహం కూడా కాస్త నిండుగా వచ్చింది అప్పుడు, దగ్గు తగ్గింది. వదిన నవ్వేది. నిజంగానే సంతోషంగా ఉండేది. ఆరు నెలలు గడిస్తే గండం గట్టెక్కుతుందని నమ్మింది.

మందు సగమైతే రోగం సగం చావదట. చచ్చేది చచ్చి, మొండిది మిగిలి, ఆ మందునే లెక్కచేయకుండా తయారవుతుందట. ఇది మాకు తర్వాత చెప్పారు.

చివరి పరీక్షకి మాత్రం అక్క మాస్టర్‌ని ఆసుపత్రికే తీసుకెళ్ళింది. ఏమీ లేదని వచ్చింది. ఎక్కణ్ణుంచి వస్తుంది పాపం? క్యాంటీన్ ఓనర్ మాట మీద నిలబడే మనిషి, మళ్ళీ మూకుడు ముందుకే రమ్మన్నాడు. అక్క సంబరానికి అంతులేదు. సందులో అందర్నీ కూర్చోబెట్టి మాస్టర్‌ని ముందు నిలబెట్టింది. "బుద్ధిగా మింగితే ఎలా తగ్గుతుందో చూడండి" అంది. మేం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆగట్లేదు. వదిన చీర కొంగు నోటికి అడ్డంపెట్టుకుని వంగిపోతోంది.

అక్క మొహంలో నవ్వు పోయింది. "ఆ దగ్గేంటి చెల్లీ?"

"దూదక్కా."

"దూదికి కొంగు ఎర్రగా అవ్వదు" అంది అక్క.

ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్షలు, ఫోటోలు అయ్యాయి. ఎడమవైపు ఊపిరితిత్తిని రోగం తినేసిందన్నారు. మామూలు మాత్రలు ఇక పనిచేయవన్నారు. వేరే మందులున్నాయి, పెద్దాసుపత్రిలో ఉండి వాడాలి, కానీ ఈ ఒంటికి అవి తట్టుకునే శక్తి లేదు, ముందుగా వచ్చి ఉంటే బాగుండేదన్నారు. ఇంతకుముందు ఈ మందు వాడావా అని డాక్టర్ పదే పదే అడిగితే, వాడలేదనే చెప్పిందట.

ఆ సాయంత్రం అక్క వచ్చి వదిన వాళ్ళింట్లో కూర్చుంది. నేనూ ఉన్నాను. మాస్టర్ అప్పుడే క్యాంటీన్ నుంచి వచ్చాడు, చొక్కా నిండా నూనె వాసన. అక్క అరవలేదు, బతిమాలింది. "నిజం చెప్పు చెల్లీ. మందు వాడకుండా రోగం ఇలా మొండికెయ్యదు."

వదిన చెప్పేసింది. డబ్బా సంగతి, సగం మాత్రల సంగతి, అన్నీ. దగ్గుకీ దగ్గుకీ మధ్య, మొగుడి వైపు చూడకుండా చెప్పింది. అక్క రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుంది. ముసలావిడకి వినపడక, "ఏంటంటోంది, నెల తప్పిందా?" అని నన్నడిగింది.

మాస్టర్ కొడతాడేమోనని నేను అడ్డంగా జరిగాను. అతను కదల్లేదు. "అంటే నాకు జబ్బే లేదా?" అన్నాడు.

"లేదు" అంది వదిన. "మీ పని పోయింది నా వల్లే. అది తెలిస్తే మీరు నా మొహం చూడరని..."

"నా పనిదేముందే. నేను వాంతులు చేసుకుంటూ మింగిందంతా నీ మందేనా? ఒక్క మాట చెప్పుంటే, మొత్తం నీకే పెట్టేవాణ్ణి కదే."

వదిన తలెత్తి అతన్ని చూసింది. అప్పుడు ఏడ్చింది. జబ్బని తెలిసినప్పుడు ఏడవలేదు, ఊపిరితిత్తి పోయిందన్నప్పుడు ఏడవలేదు. అతను పెట్టేవాడే. ఒక్క తిట్టు తిట్టి, తర్వాత రోజూ తనే గ్లాసులో నీళ్ళు పోసి మరీ పెట్టేవాడు. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆ సంగతి ఆమెకి ఆ సాయంత్రమే తెలిసింది.