మామగారి కారు వేడెక్కిన రోజు

మా మామగారికి కారు ఉంది. అందుకని ఆయన బస్సులో తిరుగుతారు.

బజారుకి వెళ్లాలన్నా, బ్యాంకుకి వెళ్లాలన్నా, కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా బస్సే. కారు బయటికి తీస్తే టైర్లు అరుగుతాయి, దుమ్ము పడుతుంది, పార్కింగులో ఎవడో ఒకడు గీత పెడతాడు. ఇవేవీ జరక్కుండా ఉండాలంటే కారు షెడ్డులో ఉండాలి. కొన్నప్పుడు సీట్లకి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎండాకాలం ఎవరైనా కూర్చుని లేస్తే టేపు పీకిన చప్పుడవుతుంది. సైలెన్సర్ గొట్టంలోకి బొద్దింకలు దూరతాయని దానికో పాత సాక్స్ తొడిగారు. ఆదివారం పొద్దున సాక్స్ తీసి, బండి స్టార్ట్ చేసి, వీధి చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ సాక్స్ తొడుగుతారు. బ్యాటరీ పాడవకుండా ఉండటానికట.

ఇంత అపురూపంగా చూసుకున్న కారు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైంది.

టెస్టు చేసేది మా వీధి మలుపులో, పెట్రోలు బంకు పక్కనున్న రేకుల గదిలో. అక్కడి టెస్టింగ్ ఆయన సైలెన్సర్లోకి ఒక గొట్టం దూర్చి, కంప్యూటర్ వైపు చూసి, ఆవలించాడు.

"లిమిట్ దాటిందండీ. బాగా దాటింది."

"అసలు మీ మిషన్ని ఎవరైనా టెస్టు చేశారా?" అన్నారు మామగారు.

"దానికి పొగ రాదండీ."

అదే రోజు మా పక్కింటి కేటరింగ్ ఆయన వ్యాన్ పాసైంది. ఆ వ్యాన్‌కి ఒక తలుపు తాడుతో కట్టి ఉంటుంది. తెల్లారకముందు బయల్దేరి చీకటిపడ్డాక ఇల్లు చేరుతుంది. మామగారు ఆ రోజు మజ్జిగ కూడా ముట్టలేదు.

మేడ మీద వాటాలో నేనూ మా ఆవిడా ఉంటాం. కారు ఫెయిలైతే మాకేమీ కాదు. మామగారికి కూడా నిజానికి ఏమీ కాదు, ఆయనకి బస్సుంది. కష్టమంతా అత్తయ్యగారికి.

అత్తయ్యగారి అక్క బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. మంచం మీదుంది. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, "వస్తావుటే? లేకపోతే ఫొటో పంపు, చూసుకుంటాను" అంటుంది. ఆవిడ ఉండే ఊరు హైవే మీద గంటన్నర దూరం. అత్తయ్యగారు నెల నుంచి సంచీ సర్దుకునే ఉన్నారు.

"బస్సెక్కి వెళ్లొస్తానండీ" అంటే మామగారు ఒప్పుకోరు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో వెళ్తావా? మా తోడల్లుడు గేటు దగ్గరే నిలబడి, బస్టాండు నుంచి నడిచొచ్చావా మరదలా అంటాడు. నా పరువేం కాను?"

"పోనీ కారులో తీసుకెళ్లండి."

"అంత దూరమా? ఇంజిన్ ఏమైపోవాలి!"

చివరికి ఆయన, "పొల్యూషన్ సర్టిఫికెట్ రానీ, చూద్దాం" అన్నారు. పాత సర్టిఫికెట్ గడువు శనివారంతో సరి. అది దాటితే కారు రోడ్డెక్కకూడదు. అంటే, ఇన్నాళ్లూ ఒట్టి భయంగా ఉన్నది అప్పట్నుంచి చట్టం అవుతుంది. ఈ సంగతి మా అందరికంటే ముందు అత్తయ్యగారికి అర్థమైంది.

రెండోసారి టెస్టుకి మామగారు బాగా ఆలోచించి వెళ్లారు. ఆయన ఆలోచన ఏమిటంటే, బండి నడుపుకుంటూ వెళ్తే దారిలో వచ్చే పొగంతా లోపల పేరుకుంటుంది. తోసుకుంటూ వెళ్తే పొగ ఉండదు. కాబట్టి తోద్దాం.

ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. వెనక నుంచి నేను తోశాను. కేటరింగ్ ఆయన కూడా ఒక చెయ్యి వేశాడు. చెయ్యి వేసి ఊరుకుంటే బాగుండేది.

"మా వ్యాన్ పాసైందండీ" అన్నాడు.

"తెలుసు" అన్నారు మామగారు, అద్దంలోంచి.

"ఒక్కసారికే పాసైపోయిందండీ."

"మీరు తొయ్యండి."

మమ్మల్ని చూసి టెస్టింగ్ ఆయన గదిలోంచి బయటికొచ్చాడు.

"ఆగిపోయిందా అండీ?"

"లేదు. బ్రహ్మాండంగా నడుస్తుంది."

"మరెందుకు తోస్తున్నారు?"

"టెస్టు కోసం."

ఆయన కాసేపు మా ముగ్గురినీ చూశాడు. తర్వాత గొట్టం దూర్చాడు. ఈసారి మొదటిసారి కంటే ఎక్కువొచ్చింది.

"చల్లటి బండి పనికిరాదండీ. కింద కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. పొగని శుభ్రం చేసేది అదే. బాగా వేడెక్కితే గానీ అది పని మొదలెట్టదు. హైవే ఎక్కించి గట్టిగా పరిగెత్తించండి. ఆ వేడి మీద తీసుకురండి."

"వేడి చెయ్యడానికి ఇంకో మార్గం లేదా? షెడ్డులో ఎండ బాగా తగులుతుంది."

"ఎండ చాలదండీ."

"వేడెక్కాక ఎలా పనిచేస్తుందది?"

"ట్రైనింగ్‌లో చెప్పారండీ. నేను వెనక వరసలో కూర్చున్నాను."

మా ఆవిడ స్కూల్లో సైన్స్ చెబుతుంది. ఆ సాయంత్రం కాఫీ దగ్గర మామగారు ఆ మిగతా సగం ఆమెని అడిగారు.

"సైలెన్సర్‌కి ముందుంటుంది నాన్నా. లోపలంతా తేనెపట్టులా సన్న సన్న రంధ్రాలు. వాటికి ప్లాటినం లాంటి లోహాలు పూత పూస్తారు. ఇంజిన్లోంచి వచ్చే విషవాయువులు ఆ వేడి పూతకి తగులుతూ పోతే, విషం విరిగిపోయి, చాలావరకు నీటి ఆవిరీ నైట్రోజనూ కార్బన్ డయాక్సైడూ అయి బయటికొస్తాయి. నువ్వేమో వీధి చివరిదాకా వెళ్లి ఆపేస్తావు. దానికి వేడెక్కే వ్యవధి ఎక్కడిస్తున్నావు? పైగా మసి పట్టి ఉంటుంది."

ఇంత చెప్పినా మామగారు ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు. లేచి వెళ్లి కిటికీ మూశారు.

"ప్లాటినమా?" అన్నారు, గొంతు తగ్గించి. "మన కారులోనా?"

"అన్ని కార్లలోనూ, నాన్నా."

"వాళ్ల సంగతి మనకెందుకు. వాడితే అరుగుతుందా?"

"అరిగిపోయేది కాదు. దాని గొప్పతనమే అది. అది మాత్రం మారదు, దాన్ని తాకినవన్నీ మారిపోతాయి."

మామగారు తృప్తిగా తలాడించారు. "నాలాగన్నమాట."

"మారకపోవడం వరకూ నిజమే" అన్నారు అత్తయ్యగారు, కప్పులు తీసుకెళ్తూ.

మర్నాడు గేటుకి రెండో తాళం పడింది. కారు దగ్గరికి ఎవరొచ్చినా మామగారు కిటికీలోంచి దగ్గేవారు. బిల్లు ఇవ్వడానికి వచ్చిన కరెంటు మనిషి కారు పక్కన చెప్పులు విడిచి వంగితే, "కింద ఏం చూస్తున్నావ్?" అని గద్దించారు. అత్తయ్యగారు మెల్లగా హైవే మాటెత్తితే, "ప్లాటినం ఉన్న బండిని పట్టుకుని ఊళ్లు తిరుగుతామా?" అన్నారు. అంటే ఇప్పుడు ఆయన దగ్గర రెండు కారణాలున్నాయి. అత్తయ్యగారు మధ్యాహ్నం ఫోన్‌లో అక్కతో, "వస్తానే, వస్తాను" అన్నారు. మొదటిసారి అన్నప్పుడు ఉన్నంత గట్టిగా లేదు గొంతు.

కేటరింగ్ ఆయన లేకపోతే వ్యవహారం అక్కడితో ఆగేది. శుక్రవారం ఆయన గేటు మీంచి తల పెట్టాడు.

"పెద్దాయనా, బండి అమ్మేస్తారటగా?"

"ఎవరన్నారు?"

"రేపటితో గడువైపోతోంది కదండీ. ఏం పర్లేదు, కొనేవాళ్లు ముచ్చటపడి కొంటారు. కొత్తదానిలాగే ఉంది. వాడితే కదా!"

మామగారు అప్పటికప్పుడు మేడ మెట్ల దగ్గరికొచ్చి కేకేశారు. "అల్లుడుగారూ, రేపు పొద్దున బయల్దేరుతున్నాం!"

శనివారం పొద్దున సాక్స్ తీశారు. ఆయన నడుపుతారు, నేను పక్కన. అత్తయ్యగారు వెనక కూర్చున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడ కూడా చెప్పలేదు.

మామగారు హైవే మీద నడిపిన వేగానికి ఒక సైకిలాయన మమ్మల్ని దాటుతూ, "ఏమైనా సాయం కావాలా అండీ?" అని అడిగాడు. ఈ లెక్కన ఆ డబ్బా వేడెక్కేసరికి నాకు పెన్షనొస్తుంది. ఆ మాటే కాస్త మర్యాదగా చెప్పాను. ఆయన బండి పక్కకి ఆపి, చాలాసేపు స్టీరింగ్ వైపు చూసి, నాకిచ్చారు.

"జాగ్రత్త. కింద అది ఉంది" అన్నారు.

నేను తొక్కాను. ఆయన పక్క సీట్లో కుడికాలితో నేలని తొక్కారు. అక్కడ బ్రేకుంటే గజం కూడా కదిలేవాళ్లం కాదు.

కాసేపటికి ఒక యూ టర్న్ వచ్చింది.

"అదిగో, తిప్పండి. చాలు, వేడెక్కింది."

వెనక నుంచి అత్తయ్యగారు కాళ్ల దగ్గర అరచెయ్యి పెట్టి చూశారు. "ఏవండీ, నా వైపు ఇంకా చల్లగానే ఉందండీ."

ఆ డబ్బాకీ ఆవిడ వైపుకీ ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ అల్లుడిగా నేను మాట్లాడగలిగినవి తక్కువ. యూ టర్న్ దాటిపోయింది.

రెండో యూ టర్న్ దగ్గర మామగారు స్వయంగా వంగి చెయ్యి పెట్టారు. "ఇదిగో, కాలుతోంది!"

"మీ వైపు ఎండండీ."

అదీ దాటింది. మూడోదాని దగ్గర ఆయన వెనక్కి తిరిగి ఏదో అనబోయి ఆగారు.

"ఒళ్లో ఆ సంచీ ఏంటి?"

"బరువుంటే ఇంజిన్ బాగా వేడెక్కుతుందన్నారుగా."

"ఎవరన్నారు?"

"అల్లుడుగారే."

మామగారు నా వైపు చూశారు. నేను రోడ్డు వైపు చూశాను.

"అన్నానండీ" అన్నాను.

"అయితే మన ఊరి టెస్టు సంగతేంటి?"

"పెద్దత్తయ్యగారి ఊళ్లో కూడా టెస్టు చేస్తారండీ, ఊరి మొదట్లోనే. ఇప్పుడు వెనక్కి తిరిగితే మన మలుపు దగ్గర క్యూలో చల్లారిపోతుంది."

ఇది నిజమే. శనివారం అక్కడ క్యూ బంకు దాటి ఉంటుంది. నిజం చెప్పే అవకాశం వచ్చినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ తర్వాత యూ టర్న్‌లు వచ్చినా ఆయన చూడనట్టే కూర్చున్నారు. కాలు మాత్రం ఎత్తలేదు.

ఆ ఊరి టెస్టింగ్ గదిలో ఒకామె ఉంది. ఇంజిన్ ఆపకుండానే గొట్టం దూర్చింది. మామగారు కంప్యూటర్ మీదికి వంగి, పరీక్ష ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ తండ్రిలా అంకెలు చదివారు.

"పాస్" అంది ఆమె. "చాలా తక్కువుంది. బండి బాగా చూసుకుంటున్నారే."

"ఇంకొక్కసారి పెట్టండి."

"పాసైందండీ."

"తెలుసు. చూద్దామని."

ఆమె పెట్టలేదు. మామగారు సర్టిఫికెట్‌కి ఫొటో తీసి కేటరింగ్ ఆయనకి పంపించారు. సర్టిఫికెట్ పక్కన కారు నంబరు కనిపించేలా ఇంకొకటి తీసి అదీ పంపించారు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, "పదండి, వెళ్లిపోదాం. ఇంటికి" అన్నారు.

అత్తయ్యగారు అప్పటికే దిగి ఉన్నారు. సంచీ చేతిలో ఉంది.

"అక్కావాళ్ల వీధి ఆ చింతచెట్టు పక్కనేనండీ."

"సరే. నేనూ అల్లుడుగారూ కారు దగ్గరుంటాం. నువ్వు ఒక్క క్షణం చూసేసి వచ్చెయ్."

"ఒక్క క్షణం చూడటానికైతే అక్క ఫొటో ఉంది నా దగ్గర" అన్నారు అత్తయ్యగారు. గొంతు పెంచలేదు. "మంచం మీంచి లేవలేక పడుంది. నేను వెళ్లి, తల దువ్వి, నాలుగు రోజులుండి వస్తాను. మీరు వెళ్లాలంటే వెళ్లండి. కారుంది. పాసైంది కూడా."

మామగారు కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ముందు టైరు చూశారు, వెనక టైరు చూశారు. మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఆయన ఏదో ఒక టైరు వైపు చూస్తారు. తర్వాత కారు వెనక్కి వెళ్లి గొంతుక్కూర్చుని, ఏదో పరిశీలిస్తున్నట్టు సైలెన్సర్ గొట్టం చివర వేలు పెట్టారు.

"అబ్బా!"

వేలు నోట్లో పెట్టుకుని లేచారు. చింతచెట్టు వైపు చూసి, నోట్లోంచి వేలు తీశారు.

"చూశారా అల్లుడుగారూ, ఎంత వేడెక్కిందో? ఈ వేడి మీద వెనక్కి తీసుకెళ్తే నాశనమైపోతుంది. చల్లారాలి."

"ఎంతసేపండీ?"

ఆయన అత్తయ్యగారిని అడిగారు.

"మీ అక్క వాకర్ వదిలేసి ఎప్పటికి నడుస్తుందన్నారు?"

"వచ్చే నెల మొదట్లో అన్నారండీ."

"ఆఁ. సుమారు అంతే పడుతుంది."

కారు చల్లారడానికి అన్నాళ్లు పడుతుందని మా ఆవిడ పాఠంలో ఎక్కడా లేదు. నేను అడగలేదు. అత్తయ్యగారు ఆయన ముఖం వైపు కాకుండా ఎర్రబడ్డ వేలు వైపు చూశారు.

"పదండి" అన్నారు. "అక్కావాళ్ల ఫ్రిజ్‌లో ఐసుంటుంది."