బుల్లియ్య వయసు

తమ్ముడు బుల్లియ్య కుడిచెయ్యి బోటు తాడులో పడి నలిగిపోయిన దగ్గర్నుంచీ నూకరత్నానికి కంటిమీద కునుకు లేదు. వైకల్య బీమా అరవై దాటినవాళ్లకి ఇవ్వరట. వాడికి నిజానికి యాభై రెండే, కానీ ఆధార్‌లో అరవై ఒకటి. మత్స్యకారులకి యాభైకే వచ్చే పింఛనుకి ఆశపడి, ఏడేళ్ల కిందట ఆ వయసు పెంచి రాయించింది తనే. అప్పట్నుంచీ ఏ సర్వేవాళ్లొచ్చినా వాణ్ణి "అన్నయ్య" అంటూనే నెట్టుకొచ్చింది.

ఇవాళ నిజం చెబితే పింఛను పోతుంది. పోతే పోనీ, చెయ్యి పోయినవాడికి బీమా అయినా దక్కాలి. "మా తమ్ముడండి, మా తమ్ముడండి" అని వాణ్ణి వెంటబెట్టుకుని బస్సులో దారంతా గొణుక్కుంటూనే వచ్చింది.

బీమా ఆఫీసరు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మీకు యాభై ఐదు. ఈయన కార్డులో వయసు తప్పంటున్నారు. ఇంతకీ ఈయన మీకేమవుతారండి?"

ఆఫీసరు చేతిలో పెన్ను చూడగానే నూకరత్నానికి ఏడేళ్ల భయం ఒక్కసారిగా నోటికొచ్చేసింది.

"మా అన్నయ్యండి."

ఆఫీసరు రాసుకోబోయాడు.

"అయ్యో, అక్కా!" అని అరిచాడు బుల్లియ్య.

ఆఫీసరు తలెత్తి చూశాడు.