ఎడమకి తిప్పితే

నా బండికి బ్యాటరీ లేదు. ఇంజను తిరుగుతున్నంతసేపే లైటు. వేగం తగ్గితే గుడ్డిదవుతుంది, ఇంకా తగ్గితే మిణుకుమంటుంది. చీకటి పడే వేళకి ఊరి చివరి ఇళ్ళకి వెళ్ళి, మంచాన పడ్డవాళ్ళకి ఇంజెక్షన్లు ఇచ్చి రావడం నా ఉద్యోగం. ఆ గుడ్డి వెలుగుతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. నాకు ఒళ్ళు మండిందల్లా దాన్ని బాగుచేసిన మగవాళ్ళని చూసే.

మా ఆయన రంగులేస్తాడు. గేట్లు, బీరువాలు, అంగళ్ళ బోర్డులు. వానలకి పనుల్లేక ఊరికే కూర్చోలేక, నా బండిని విప్పి ముక్కముక్కకీ ఆకుపచ్చ రంగు పూశాడు. పూత మీద పూత. వీధిలో వాళ్ళంతా ఆగి మెచ్చుకున్నారు. ఆ వారంలోనే కాలవ దగ్గర ఎడమ మలుపులో లైటు ఉన్నట్టుండి ఆరిపోయింది. గట్టు దిగి రాళ్ళ మీద పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది.

నేను కట్టుతో కూర్చున్నన్నాళ్ళూ బండికి వైద్యం జరిగింది. మా ఆయన పెద్ద బల్బు తెచ్చి బిగించాడు. ఇంజనులో లైటుకి కరెంటు పుట్టించే ఆ చిన్న కాయిల్ అంత బల్బుని ఎక్కడ మోస్తుంది? ఉన్న వెలుగూ పోయింది. తర్వాత మోటార్లు చుట్టే మా తమ్ముడు వచ్చాడు. పాత బల్బే పెట్టి, లైటు కాయిల్ కొత్తగా చుట్టి, వేగంలో బల్బు మాడిపోకుండా రెగ్యులేటరు తగిలించాడు. వెలుగు నిజంగానే పెరిగింది. బావా బావమరుదులు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

హ్యాండిలు ఎడమకి తిప్పితేనే ఆరిపోయిందని మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాను. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం. లైటుకీ హ్యాండిలుకీ ఏం సంబంధమని తమ్ముడు నవ్వాడు. మా ఆయనైతే, నేను సరిగ్గా తినక కళ్ళు తిరిగి పడ్డానని చుట్టుపక్కలంతా చెప్పొచ్చాడు. నిన్న కట్టు విప్పారు. రేపు డ్యూటీలో చేరకపోతే నేను తిరిగే ఇళ్ళు ఇంకొకావిడకి ఇచ్చేస్తారు. చేరితే మళ్ళీ అదే మలుపు.

సాయంత్రం ఇద్దరినీ షెడ్డులోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను. మా ఆయన్ని సీటు మీద కూర్చోబెట్టి, ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటరు ఒకేలా పట్టుకోమన్నాను. గోడ మీద వెలుగు తెల్లగా పడింది. ముందు నిలబడి హ్యాండిలు ఆయన ఎడమ వైపుకి తిప్పాను. ఆరిపోయింది. తిన్నగా తిప్పాను. వెలిగింది. మళ్ళీ ఆర్పి, ఆ చీకట్లోనే అడిగాను.

"ఇప్పుడు ఎవరికి తిరిగాయి కళ్ళు?"

తమ్ముడు టార్చి వేసుకుని వంగాడు. లైటుకి కరెంటు తెచ్చే వైరు ఒకటే ఉందట. ఆ కరెంటు తిరిగి ఇంజనుకి చేరాల్సింది బండి ఇనుము మీదుగానే. ఆ ఇనుమంతా, లైటు బోల్టు కిందా, హ్యాండిలు మెడలోనూ, మా ఆయన నున్నగా రంగు పూసి పెట్టాడు. ఎక్కడో గోరంత చోట ఇనుముకి ఇనుము తగులుతోంది. ఎడమకి తిప్పితే అదీ తప్పిపోతోంది. లైటు నుంచి ఇంజనుకి విడిగా ఒక ఎర్తు వైరు వేసి, బిగించే చోట రంగు గీకితే సరిపోతుందన్నాడు.

బండి నడిపేది నేను. వాడు అడిగింది మా ఆయన్ని.

"బావా, ఇక్కడ కాస్త గీకనా?"

మా ఆయన ఆలోచించాడు. నా మణికట్టునీ తన రంగునీ పక్కపక్కన పెట్టి తూచాడు. కనపడని చోట గీకితే కుదరదా అన్నాడు. తమ్ముడి చేతిలోని స్క్రూడ్రైవరు లాక్కుని, ఇనుము తెల్లగా మెరిసేదాకా నేనే గీకాను. చెయ్యి సలిపింది. సలపనీ అనుకున్నాను. తమ్ముడు వైరు బిగించాడు. ఈసారి హ్యాండిలు ఎడమకి తిప్పితే వెలుగు కూడా ఎడమకి వచ్చింది.

తమ్ముణ్ణి సాగనంపి, చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన బండి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో సన్న బ్రష్షు, పక్కన ఆకుపచ్చ డబ్బా. బోల్టు విప్పి, వైరు పక్కకి లాగి, నేను గీకిన చోట శ్రద్ధగా రంగు పూస్తున్నాడు. ఆరాక మళ్ళీ బిగిస్తాలే, గీతలు మరీ అసహ్యంగా ఉన్నాయి అన్నాడు.

నాకు అరవాలని కూడా అనిపించలేదు. తాళంచెవి తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను.

"పగలు చూసేవాళ్ళ కోసం పూస్తున్నారు మీరు. చీకట్లో నడిపేది నేను. ఆ రంగు మీదే వైరు బిగించి, కాలవ మలుపు దాకా ఒక్కసారి మీరు వెళ్ళి రండి."

ఆయన తాళంచెవిని చూశాడు. తలుపు సందులోంచి బయటి చీకటిని చూశాడు. తర్వాత చొక్కా అంచు పట్టుకుని, ఆ పచ్చి రంగు తుడవడం మొదలుపెట్టాడు.